పాలు తూర్పుకే పొంగాయి

రోజు 1102. ఉప్పు 2.8. నీళ్ళు తాగవచ్చు.

ఈ పుస్తకంలో నేను రాయవలసింది అంతే. పొద్దున ఆరింటికి ఎత్తుమిట్ట కాలనీ నీళ్ళ తొట్టిలో ఉప్పు కొలిచే పుల్ల ముంచి, అంకె వేసి, సంతకం పెట్టాలి. అంకె నాలుగు దాటితే ఎర్రజెండా ఎగరేసి కుళాయిలు కట్టెయ్యాలి. కాని అంకె పక్కన 'ఇతర విశేషాలు' అని అరపేజీ గడి ఒకటి ఇచ్చారు. మూడేళ్ళుగా దాన్ని ఖాళీగా వదిలిపెట్టడం నా చేత కాలేదు. పై ఆఫీసు వాళ్ళు నెలకోసారి వచ్చి ప్రతి పేజీ మీదా ముద్ర గుద్ది వెళతారు. వాళ్ళు చూసుకునేది అంకె ఒక్కటే. కాబట్టి ఈ గడి నాదే.

ఈరోజు విశేషం: మా అత్త గదిలో మేకు ఊడింది. అత్త చీరలు ఆరేసుకునే తాడు, మేకుతో సహా వచ్చి మంచం మీద పడింది. మా బావ రాంపండు, అంటే నా మొగుడు, సుత్తి పట్టుకుని వచ్చాడు. సుత్తి అక్కర్లేకపోయింది. మేకు బొటనవేలితో నొక్కితేనే దిగింది. కాసేపటికి బొటనవేలు కూడా దిగింది.

"అలివేణీ, ఓసారి ఇటొచ్చి చూడు" అన్నాడు గొంతు తగ్గించి.

చూశాను. వేడి ఇడ్లీలోకి వేలు దిగినట్టు దిగింది. లోపల తడి. పుల్లటి వాసన కూడా వచ్చింది. మా ఇళ్ళన్నీ పెంపుడు ఇటుకతో కట్టినవి. వరిగడ్డిలో పుట్టగొడుగు నారు పెంచి, ఆ నారు గడ్డిని గట్టిగా పట్టుకున్నాక అచ్చులో ఆరబెడితే వచ్చే ఇటుక అది. రోజూ సాయంత్రం గోడ మీద కాసిని నీళ్ళు చల్లుతాం. బీట పడితే దానంతట అదే పూడ్చుకుంటుంది. సాయంత్రంపూట వీధంతా గోడలకి నీళ్ళు చల్లుకుంటూ కబుర్లు చెప్పుకునే ఆ అరగంట కోసం నేను పగలంతా ఎదురుచూస్తాను. అలాంటి గోడ మెత్తబడటం ఏమిటో అర్థం కాలేదు.

అత్త గోడని ఓసారి వాసన చూసి, "తోడుకుందే పిల్లా" అంది.

రోజు 1109. ఉప్పు 2.9. తాగవచ్చు.

ఆ మాటే ఊరి మాట అయిపోయింది. 'మీ గోడ తోడుకుందా?' 'మాది పడమటి వైపు తోడుకుందండి.' పక్కింటి ఎస్తేరు వదిన వాళ్ళ వంటింట్లో అలమర దానంతట అదే ఒరిగిపోయిందట. పడవ నడిపే బుడే సాహెబ్ వాళ్ళ ఇంట్లో మంచం కోడు గోడలోకి జానెడు దిగబడిందట. రెండువందల పన్నెండు ఇళ్ళకీ ఏదో ఒక గోడ తోడుకుంది.

భయం వేసిందని రాయడానికి నాకు సిగ్గు లేదు. మా ఊరు గవ్వలదిబ్బని సముద్రం తీసుకున్నాక ఆరేళ్ళు కరకట్ట మీద గుడారంలో ఉన్నాం. గుడారంలో వాన కురిస్తే అత్తని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ మేము నించునేవాళ్ళం. ఈ ఇంటికి వచ్చిన రోజు అత్త ఒక్కో గది గోడకీ చెంప ఆనించి చూసుకుంది. ఇప్పుడు కూడా పొద్దున లేవగానే ఒకసారి గోడ తడిమి గాని కాళ్ళు కింద పెట్టదు.

బావ మాత్రం ధైర్యంగా ఉన్నాడు. ప్రభుత్వంలో ఇలాంటి వాటికోసమే లోపగృహ పరిహార మండలి అని ఒకటి ఉందట. కట్టిన సరుకులో లోపం ఉందని తేలితే గోడకి గోడ, ఇంటికి ఇల్లు మళ్ళీ కట్టి ఇస్తారట. మనం అర్జీ పెట్టేశాం కదా అన్నాడు. మధ్యాహ్నం చింతచిగురు వేసి రొయ్యలు వండాను. ముగ్గురం మెత్తని గోడ గురించి మాట్లాడుకుంటూనే గిన్నె ఊడ్చేశాం.

రోజు 1131. ఉప్పు 3.1. తాగవచ్చు.

సర్వే అబ్బాయి వచ్చాడు. బుద్ధిమంతుడు. చెప్పులు వాకిట్లో విడిచి మరీ వచ్చాడు. ఇరవై ఆరు ప్రశ్నలు. రోజూ ఎన్ని నీళ్ళు చల్లుతారు, గోడకి రంగు వేశారా, మేకులు ఎన్ని కొట్టారు. ఇరవై రెండో ప్రశ్న దగ్గర కొంచెం తడబడి, "గృహప్రవేశం నాడు పాలు పొంగాయాండీ? పొంగితే ఏ వైపుకి?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "అదేం ప్రశ్న నాయనా! పొంగకేం? బ్రహ్మాండంగా పొంగాయి. తూర్పుకే పొంగాయి. ఆ పొంగు చలవే ఈ ఇల్లు మాకు ఇంత కలిసొచ్చింది."

అబ్బాయి నా వైపు చూశాడు. "అవునండీ" అన్నాను. ఇంకేం అంటాను? ఇంటికి వచ్చిన మనిషి మీ పాలు పొంగాయా అని అడిగితే లేదని చెప్పే ఇల్లాలు ఎవరైనా ఉంటుందా? సంతకం పెట్టి, కాఫీ ఇచ్చి పంపించాను.

రోజు 1150. ఉప్పు 3.0. తాగవచ్చు.

ఇటుకలు చేసిన సంస్థవాళ్ళు మండలికి జవాబు పంపారు. కాలనీ సంఘం ఆఫీసులో అందరికీ చదివి వినిపించారు.

వాళ్ళ వాదన ఇది. గోడల్లో పాలని పులియబెట్టే సూక్ష్మజీవులు దొరికాయి. రెండువందల పన్నెండు ఇళ్ళవాళ్ళూ గృహప్రవేశం నాడు పాలు పొంగించి నేల మీదికి పోనిచ్చామని సంతకాలు పెట్టారు. ఆ పాలు గోడ మొదట్లోకి ఇంకి ఇటుకని పాడు చేశాయి. పరిహార చట్టంలో తొమ్మిదో నియమం ప్రకారం, ఇంట్లోవాళ్ళ చేతిమీదుగా ఏదైనా ద్రవం తగిలి ఇటుక చెడితే అది సరుకు లోపం కింద రాదు. ఇరవై రెండో ప్రశ్న ఫారంలో పెట్టించింది కూడా వాళ్ళేనట.

"గోడ తోడుకుందని మనమే అనుకున్నాం కదా" అని ఎవరో గొణిగారు.

ఇటుకని పరీక్షిద్దామంటే ఆ బట్టీ మూతపడి రెండేళ్ళయింది. వాడని ఇటుక ఒక్కటి కూడా మిగల్లేదు. అర్జీ కొట్టేస్తే ఏమవుతుందని అడిగాను. వానాకాలం లోపు ఇళ్ళు ఖాళీ చెయ్యాలి, మళ్ళీ కరకట్టే అన్నాడు సంఘం ప్రెసిడెంటు వీర్రాజు గారు. అత్త నా పక్కనే ఉంది. ఇంటికి వచ్చేదాకా నా మోచెయ్యి వదల్లేదు.

రోజు 1151. ఉప్పు 3.0. తాగవచ్చు.

ఈరోజు బీరువా పైనుంచి మొదటి పుస్తకం దించాను. రోజు 1 పేజీ తీశాను. నేను రాసిందే, నాకు తెలియనిది ఏమీ లేదు. అయినా రెండుసార్లు చదివాను.

మా పాలు పొంగలేదు.

ఎలా పొంగుతాయి? ప్రభుత్వం ఇచ్చిన పొయ్యికి కాపలా బుద్ధి. నురగ అంచుకి రాగానే, "పొంగు గమనించబడింది, వేడి నిలిపివేయబడుతోంది" అని చెప్పి ఆరిపోతుంది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అదే మాట. మూడోసారి గంటసేపు వెలగకుండా తాళం కూడా వేసుకుంది. అవతల ముహూర్తం దాటిపోతోంది. మామయ్య పోయి ఏడాది కాలేదని అత్త లోపలికి రానంది, వాకిట్లోనే నిలబడింది. అక్కడి నుంచే, "పొంగాయా పిల్లా?" అని కేకేసింది. ఆ గొంతులో ఉన్న ఆశ వింటే మీరైనా అదే చెబుతారు. "పొంగాయత్తా, తూర్పుకే" అన్నాను. గిన్నె బయట వేలితో ఒక చుక్క రాశాను, ఎవరైనా చూస్తారేమోనని. నేల మీద గాని గోడ మీద గాని పాలబొట్టు పడలేదు.

అంటే, మా గోడ తోడుకోవడానికి పాలు కారణం కాదు.

ఇది ఎవరితో చెప్పను? చెబితే ఇల్లు నిలబడుతుందేమో. కాని మూడేళ్ళుగా అత్త ప్రతి మంచికీ ఆ పొంగే కారణమంటుంది. బావకి తూముల దగ్గర ఉద్యోగం వస్తే పొంగు చలవ. నాకు జ్వరం తగ్గితే పొంగు చలవ. ఆమెకి మిగిలిన నమ్మకం అదొక్కటే, అది నేను వేలితో రాసిన చుక్క.

రోజు 1156. ఉప్పు 3.4. తాగవచ్చు.

నా గుట్టు బయటపెట్టకుండా పని జరుగుతుందేమోనని ప్రయత్నం చేశాను. పాలు పొంగించని ఇల్లు ఒక్కటి దొరికితే చాలు కదా. ముందు ఎస్తేరు వదినని అడిగాను.

"మీరు పాలు పొంగించి ఉండరు కదా వదినా, మీది ప్రార్థనే కదా?"

"ప్రార్థనా చేశాం, పొంగించడమూ పొంగించాం. ఏం, మాది కొత్తిల్లు కాదా?" అంది కాస్త నొచ్చుకుని. "తూర్పుకే పొంగాయి."

రేవులో బుడే సాహెబ్ని అడిగాను. "మా బీబీ పొంగించింది కదమ్మా. తూర్పుకే" అన్నాడు పడవ తాడు విప్పుతూ. వీర్రాజు గారిని అడగనక్కర్లేదు. ఆయన పాలు గుమ్మం దాటి వీధిలోకి పారాయని మూడేళ్ళుగా కాలనీ అంతా వింటూనే ఉంది.

ఇంటికి వచ్చాక ఒక సంగతి తట్టింది. అందరికీ ఇచ్చింది ఒకే పొయ్యి. అలాంటప్పుడు మా ఒక్క ఇంట్లోనే పొంగకపోవడం ఏమిటి? మూడేళ్ళూ నా చెయ్యి మంచిది కాదని లోపల్లోపల కుమిలాను. ఒక్కసారి కూడా పొయ్యిని అనుమానించలేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

బావకి అంతా చెప్పాను. అతను చాలాసేపు తల గోక్కున్నాడు. "చెప్పెయ్యమనాలనే ఉంది నాకు. కాని అమ్మ ముందు నువ్వు తలొంచుకు నిలబడటం చూడలేనే" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఇద్దరం గోడకి నీళ్ళు చల్లకుండా ఊరికే కూర్చున్నాం, చల్లడం మంచిదో కాదో కూడా తెలియక.

రోజు 1163. ఉప్పు 3.2. తాగవచ్చు.

విచారణ మా సంఘం హాల్లోనే జరిగింది. మండలి తరఫున వచ్చిన అధికారి పేరు భానోజీ. నడివయసు మనిషి, తొందరపడే రకం కాదు. ఇటుకల సంస్థ తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. సంతకాల కట్ట బల్ల మీద పెట్టి, "పాలు పొయ్యమని మా సంస్థ చెప్పలేదండి. పోశామని వీళ్ళే రాసిచ్చారు. ఇందులో మా లోపం ఏముంది?" అన్నాడు.

భానోజీ గారు కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. తిప్పుతుంటే ఆయన కనుబొమలు పైకి పోయాయి.

"రెండొందల పన్నెండు ఇళ్ళు. అన్నింట్లోనూ తూర్పుకే పొంగాయా? ఒక్కళ్ళ ఇంట్లో అయినా పడమటికి పొంగలేదా?"

"పడమటికి ఎందుకు పొంగుతాయండీ?" అన్నాడు బుడే సాహెబ్, ఆయనేదో అనరాని మాట అన్నట్టు. హాలంతా తలలూపింది.

"సరే. పాలు తగలని ఇల్లు ఏదైనా ఉండి, అక్కడ కూడా గోడ మెత్తబడిందంటే లోపం ఇటుకదని అనుకోవాలి. అలాంటి ఇల్లు ఉందా?"

నా పక్కన అత్త కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది, మాది మాత్రం కాదు అన్నట్టు. లేచాను.

"మాదుందండి. మా ఇంట్లో పాలు పొంగలేదు."

అత్త తల తిప్పి నా వైపు చూడటం తెలుస్తూనే ఉంది. నేను మాత్రం అటు చూడలేదు.

సంస్థ ఆయన నవ్వాడు. "ఇదిగో ఈవిడ సంతకం, పొంగాయని. ఇప్పుడు పరిహారం కోసం మాట మారుస్తున్నారు."

నేను సంచిలోంచి మొదటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. భానోజీ గారు మొదటి పేజీ తీసి, నేను ఆపేలోగా పైకి చదివేశారు. "రోజు 1. ఉప్పు 2.1. తాగవచ్చు. పాలు పొంగలేదు. మూడుసార్లు పెడితే మూడుసార్లూ పొయ్యి ఆరిపోయింది. అత్త వాకిట్లోంచి అడిగితే పొంగాయని చెప్పాను. గిన్నెకి బయట ఒక చుక్క రాశాను. ఈ మాట ఈ గడికి తప్ప ఇంకెవరికీ చెప్పను." ఆయన పేజీ కింద ఉన్న ముద్రని, తేదీని వెలుతురుకి పెట్టి చూశారు. ముద్ర మూడేళ్ళ నాటిది.

"ఇది నిలబడుతుంది" అన్నారు. "కాని అమ్మా, ఒక్క ఇల్లయితే మినహాయింపు అంటారు. పది ఇళ్ళుంటే లోపం అంటారు. ఈ రూలు నేను పెట్టింది కాదు. ఇచ్చిన వాంగ్మూలం దిద్దుకోవాలనుకునేవాళ్ళకి వారం రోజులు గడువిస్తున్నాను. దిద్దుకున్నందుకు ఎవరి మీదా ఏ చర్యా ఉండదు."

హాలు వైపు చూశాను. అందరూ చేతులు చూసుకుంటున్నారు. అత్త కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో నాకు తెలియలేదు.

రోజు 1165. ఉప్పు 3.3. తాగవచ్చు.

అత్త మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, కూర వేస్తుంది, మజ్జిగ పోస్తుంది, మాట మాత్రం లేదు. బావ ఇద్దరి మధ్యా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడ నా మేనత్త, నన్ను చంకనెత్తుకుని పెంచింది. తిట్టినా బాగుండును.

సాయంత్రం గోడ దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"మూడుసార్లు పెట్టావా?"

"పెట్టానత్తా."

"నాలుగోసారి?"

"పొయ్యి తాళం పడిపోయిందత్తా."

"ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులకి అదే మొదటి మాట, అదే ఆఖరు మాట.

రోజు 1167. ఉప్పు 3.1. తాగవచ్చు.

పొద్దున ఆరింటికి నీళ్ళ తొట్టి దగ్గరికి నేను తప్ప ఎవరూ రారు. ఈరోజు ఎస్తేరు వదిన వచ్చింది. చేతిలో బిందె కూడా లేదు.

"ఉప్పెంతుంది వదినా?"

"మూడుంపావు లోపే."

"ఆహా." కాసేపు తొట్టిలోకి చూసింది. "మా ఇంట్లో పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆమెన్ అనేలోపు పొయ్యి ఆరిపోయింది. ఆయన కళ్ళు తెరిచేలోపు గిన్నె సింకులోకి ఒంపేశాను. నువ్వేమీ అనుకోకు వదినా, మొన్న హాల్లో లేవలేకపోయాను. మా ఆయన పక్కనే ఉన్నాడు."

ఆవిడ వెళ్ళిన పావుగంటకి బుడే సాహెబ్. "మా బీబీకి తెలీదమ్మా. పాల ప్యాకెట్లు నేను పడవలో మర్చిపోయి వచ్చాను. గిన్నెలో మంచినీళ్ళు పోసి మూత పెట్టి ఉంచాను. అవే మరిగాయి." నవ్వు ఆపుకోలేక పుల్ల తొట్టిలో వదిలేశాను. ఆయన కూడా నవ్వాడు. పుల్ల తీసి ఇచ్చాడు కూడా.

ఎనిమిదింటికి పద్నాలుగు మంది అయ్యారు. ఒకావిడ పొంగుని కనిపెట్టే పొయ్యి కంటికి తడిగుడ్డ కప్పి పొంగించబోతే అది అగ్నిమాపక కేంద్రానికి కబురు పెట్టేసిందట. ఇంకొకాయన చెంచాతో నురగ తీసి అంచుకి రాశాడట. అందరూ మొదట ఉప్పెంత అనే అడిగారు. నా ఉద్యోగానికి ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. ఆఖరున వీర్రాజు గారు వచ్చి, వంతెన కింద కాలువలో ఉప్పు ఎలా ఉందని, వరదలొస్తే ఎలా ఉంటుందని, గవ్వలదిబ్బలో బావి నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవని, అరగంట మాట్లాడారు. నేను ఓపిగ్గా విన్నాను.

"వీధిలోకి పారలేదమ్మాయ్" అన్నారు చివరికి, తుండుతో ముఖం తుడుచుకుంటూ.

"పోన్లెండి బాబాయ్ గారూ" అన్నాను.

అందరికీ ఒకటే మాట చెప్పాను. నాకు చెబితే లాభం లేదు, భానోజీ గారికి చెప్పండి. అక్కడా నిలబడాలి, వరసలో, అందరి ముందూ. ఆ మాట అనగానే సగం మంది ముఖాలు వాడిపోయాయి. పది మంది వస్తారో రారో ఇప్పటికీ నమ్మకం లేదు.

రోజు 1170. ఉప్పు 2.9. తాగవచ్చు.

ఈరోజు గడి సరిపోదు. పేజీ వెనక కూడా రాస్తున్నాను.

వాంగ్మూలాలు దిద్దుకోవడం తొమ్మిదింటికి మొదలు. నేను ఎనిమిదిన్నరకి వెళ్ళేసరికి హాలు మెట్ల దగ్గర ఎవరూ లేరు. తొమ్మిదికి ఎస్తేరు వదిన వచ్చింది, మొగుణ్ణి వెంటబెట్టుకుని. ఆయన ముఖం చూస్తే ఇంట్లో విషయం చెప్పేసిందని తెలిసింది. ఆ తర్వాత బుడే సాహెబ్, బీబీతో సహా. ఆవిడ ఇంకా ఆయన్ని తిడుతూనే ఉంది. మంచినీళ్ళు పొంగించిన మొగుడివి నువ్వొక్కడివే అంటోంది. తర్వాత ఇద్దరు, తర్వాత అయిదుగురు. వీర్రాజు గారు వచ్చి వరసలో నిలబడగానే ఇంక ఎవరికీ సిగ్గు మిగల్లేదు. పదకొండింటికి వరస మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. 'మీరెలా తప్పించుకున్నారు', 'మీ గిన్నె ఎంత' అని ఒకటే గోల, పెళ్ళివారిల్లులా ఉంది. నాకు అంతమందిని అలా చూడటమే సంతోషంగా ఉంది.

నూటనలభై ఒక్క ఇళ్ళు. మిగతా డెబ్బై ఒక్క ఇళ్ళవాళ్ళు పెరట్లో పొయ్యి వెలిగించుకుని నిజంగానే పొంగించారు. పెరటి మట్టిలోకి పొంగాయి గాని ఏ గోడకీ తగల్లేదని వాళ్ళూ వచ్చి రాయించారు.

సంస్థ ఆయన మధ్యాహ్నానికి చొక్కా నలిగిపోయి, నీళ్ళు అడిగి తాగాడు. భానోజీ గారు లేచి నిలబడి ఉత్తర్వు చదివారు. ఇటుక పోసేటప్పుడు గడ్డికి సరిగా ఆవిరి పట్టించకపోవడం వల్లే సూక్ష్మజీవులు లోపల బతికి ఉండి గోడలు చెడ్డాయని తాను నమ్ముతున్నానని, తొమ్మిదో నియమం వర్తించదని, రెండువందల పన్నెండు ఇళ్ళకీ గోడకి గోడ కట్టివ్వాలని, ఒక వరస కడుతుంటే ఆ వరసవాళ్ళు పక్క వరసలో తలదాచుకోవాలి గాని ఎవరూ కరకట్టకి వెళ్ళనక్కర్లేదని అందులో ఉంది. ఆ ఆఖరి మాటకి నేను గోడ పట్టుకుని ఏడ్చేశాను. అది కూడా మెత్తగానే ఉంది. బావ నా భుజం తడుతూ తనూ ముక్కు చీదుకున్నాడు.

భానోజీ గారు కాగితాలు కట్ట కట్టుకుంటున్నారు. అప్పుడు చూశాను, వరస అయిపోయిన చోట మా అత్త ఒక్కతే నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"మీ ఇంటిది మీ కోడలు రాయించేసిందమ్మా" అన్నారు భానోజీ గారు.

"ఈ ఇంటిది కాదు బాబూ. నాది వేరే ఉంది."

"ఏ ఇల్లమ్మా?"

"గవ్వలదిబ్బలో మా ఇల్లు. నలభై ఆరేళ్ళయింది గృహప్రవేశం అయ్యి. ముందురోజు వాన, కట్టెలు తడిసిపోయాయి. ఎంత ఊదినా పొగే గాని మంట లేదు. మా అత్తగారు గుమ్మం బయట నుంచుని, పొంగాయా అని అడిగారు. పొంగాయని చెప్పాను. పొంగలేదు. రాసుకోండి."

భానోజీ గారు చేతిలో కట్ట బల్ల మీద పెట్టారు.

"ఆ ఊరు సముద్రంలో ఉంది కదమ్మా. మా పరిధిలోకి రాదు" అన్నారాయన మెల్లగా.

"నాకు తెలుసు బాబూ. ఏ గోడా కట్టివ్వక్కర్లేదు. మంచి ఇల్లది. ముప్పై ఏడేళ్ళు నిలబడింది, ఒక్క బీట లేదు. అక్కడే పిల్లల్ని కన్నాను, మా అత్తగారిని సాగనంపాను. రాసుకోండి, చాలు."

ఆయన కట్టిన కట్ట విప్పి, తెల్లకాగితం తీసుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశారు. పేరు అడిగారు. మంగతాయారు అని చెప్పింది. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించారు. అత్త ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టి, కలం మూత పెట్టి ఆయనకి ఇచ్చేసింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఏడు రోజుల తర్వాత నా ముఖంలోకి సూటిగా చూసింది. చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా, "మీ మామయ్యకి కూడా చెప్పలేదే పిల్లా" అంది.

నేను ఆవిడ చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చుకున్నాను.